ల్యాప్‌టాప్ వేడెక్కినప్పుడు, ప్రాసెసర్ వేగం పడిపోయినప్పుడు: కారణం పట్టుకునే పద్ధతి

ల్యాప్‌టాప్‌ల గురించి తరచుగా వినిపించే రెండు ఫిర్యాదులు జంటగానే వస్తాయి. చెయ్యి పెట్టలేనంతగా వేడెక్కుతోందన్నది ఒకటి, కొన్న కొత్తలో చకచకా నడిచిన యంత్రం ఇప్పుడు ఈడ్చుకుంటూ నడుస్తోందన్నది రెండోది. చాలాసార్లు మొదటిదే రెండోదానికి కారణమవుతుంది గానీ, ప్రతిసారీ అలా జరగదు. ప్రాసెసర్ చల్లగా ఉండగానే వేగం పడిపోయిన యంత్రాలను నేను చూశాను; వాటిలో ఒకటి నా సొంతదే. కారణం తేల్చుకోకుండా వెనక మూత విప్పి, చిప్పు వేడిని దానిమీది లోహపు పలకకు చేరవేసే పేస్టు మార్చి, ఫలితం లేక మళ్లీ విప్పి నేను పోగొట్టుకున్న రోజులు ఎవరూ పోగొట్టుకోకూడదన్నదే ఈ వ్యాసం రాయడానికి కారణం. అందువల్ల ఇందులో స్క్రూడ్రైవర్ పట్టుకునే పని చాలా ఆలస్యంగా వస్తుంది. ముందు కొలవాలి, కొలిచిన అంకెలను బట్టి ప్రాసెసర్‌ను ఏ హద్దు ఆపుతోందో గుర్తించాలి, ఆ తరువాతే మరమ్మతుకు దిగాలి.

ప్రాసెసర్ తన వేగాన్ని తానే ఎందుకు తగ్గించుకుంటుంది

ఉష్ణోగ్రతను కొలిచే సెన్సర్లు ప్రాసెసర్ చిప్పులోనే అమర్చి ఉంటాయి. తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ ఉష్ణోగ్రత దగ్గరపడగానే ప్రాసెసర్ తన వేగాన్నీ, దానితోపాటు వోల్టేజీనీ తగ్గించుకుని వేడిని అదుపులో పెట్టుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో ఎక్కువ వాటికి ఈ హద్దు 100 డిగ్రీల సెల్సియస్. ఏఎమ్‌డీ రైజెన్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో మోడల్‌ను బట్టి 95 నుంచి 105 డిగ్రీల మధ్య ఉంటుంది. వేగం తగ్గించుకున్నా వేడి ఆగకుండా పెరుగుతూ పోతే యంత్రం ఉన్నపళంగా ఆగిపోతుంది. కనుక థ్రాట్లింగ్ అనేది రక్షణ ఏర్పాటు. దాన్ని తప్పించుకునే దారులు వెతకడం కంటే, దాని అవసరం ఎందుకు వచ్చిందో వెతకడం మంచిది.

ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకుంటే తరువాత చెప్పబోయే చాలా విషయాలు సులువుగా అర్థమవుతాయి. ప్రాసెసర్ పనిచేసేటప్పుడు ఖర్చయ్యే విద్యుత్తు దాని వేగానికి అనులోమంగానూ, వోల్టేజీ వర్గానికి అనులోమంగానూ పెరుగుతుంది. వేగం పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచక తప్పదు కాబట్టి, పై అంచున ఉండే చివరి కొద్దిపాటి వేగం కోసం ఖర్చయ్యే విద్యుత్తు, దానివల్ల పుట్టే వేడి విపరీతంగా ఉంటాయి. దీన్ని తిప్పి చూస్తే మనకు అనుకూలమైన సంగతి ఒకటి కనిపిస్తుంది: వేగాన్ని కాస్త వదులుకుంటే వేడి చాలా తగ్గుతుంది.

వేడి ఒక్కటే హద్దు కాదు. ప్రతి ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌కూ విద్యుత్తు వాడకం మీద కూడా పరిమితులు ఉంటాయి. ఇంటెల్ వాటిలో కొద్దిసేపు వాడుకోగలిగే ఎక్కువ పరిమితి ఒకటి, ఎంతసేపైనా వాడుకోగలిగే తక్కువ పరిమితి ఒకటి ఉంటాయి. మొదటిదాని నుంచి రెండోదానికి దిగే గడువు చాలా ల్యాప్‌టాప్‌లలో 28 సెకన్లు. ఉదాహరణకు కోర్ ఐ7-8550యూ ప్రాసెసర్ కనీస హామీ వేగం 1.8 గిగాహెర్ట్జ్, గరిష్ఠ టర్బో వేగం (కొద్దిసేపు అందుకోగలిగే పై వేగం) 4.0 గిగాహెర్ట్జ్, దానికి నిర్ణయించిన విద్యుత్తు 15 వాట్లు. అన్ని కోర్ల (ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాల) మీదా భారం వేస్తే అర నిమిషం బాగా పరుగెత్తి, ఆ తరువాత 15 వాట్లలో సాధ్యమైన వేగానికి దిగివస్తుంది. ఆ వేగం 1.8కి పైనే ఉన్నంతవరకు అందులో లోపమేమీ లేదు. పెట్టెమీద పెద్ద అక్షరాలతో అచ్చువేసిన 4.0 అంకెను నమ్ముకుని, అది నిలబడటం లేదని యంత్రాన్ని విప్పేవారు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

ఈ రెండూ కాక, పలుచని ల్యాప్‌టాప్‌లలో పైతొడుగు వేడిని కొలిచే సెన్సర్ వేరుగా ఉంటుంది. ఒళ్లో పెట్టుకున్నవారికి కాలకుండా ఉండాలని, ప్రాసెసర్ 70 డిగ్రీల దగ్గరే ఉన్నా పైతొడుగు వేడెక్కగానే వేగం తగ్గించేస్తారు. చివరిది, అందరూ మరిచిపోయేది ఛార్జరు, బ్యాటరీ. దాని కథ ముందు ముందు చెబుతాను.

నాలుగు అంకెలు ఒకేసారి చూడండి

ఉష్ణోగ్రత, వేగం, ప్రాసెసర్ వాడుతున్న వాట్లు, ఫ్యాను తిరిగే వేగం: ఈ నాలుగింటినీ ఒకే సమయంలో చూస్తేనే రోగం తెలుస్తుంది. ఒక్క ఉష్ణోగ్రత చూసి తీర్పు చెప్పడం, జ్వరం చూసి మందు రాసినట్టే ఉంటుంది.

విండోస్‌లో టాస్క్ మేనేజర్ వేగాన్ని మాత్రమే చూపిస్తుంది. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం నాలుగింటినీ చూపిస్తుంది; అంతేకాక ప్రతి కోర్ ఎదుట థర్మల్ థ్రాట్లింగ్ జరిగిందా లేదా, విద్యుత్తు పరిమితి తగిలిందా లేదా అన్నది అవును, కాదు అన్న మాటలతో చెబుతుంది. ఈ ఒక్క వరుస చూడటంతోనే సగం పని అయిపోతుంది. కొన్ని యంత్రాలు ఫ్యాను వేగాన్ని బయటకు చెప్పవు, అప్పుడు చెవితో, చేతితో అంచనా వేసుకోవాలి. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్నవారు థ్రాటిల్‌స్టాప్ ప్రోగ్రాంలోని లిమిట్స్ కిటికీ తెరిస్తే, ప్రస్తుతం ఏ కారణం వేగాన్ని ఆపుతోందో ఎర్ర రంగులో, ఇంతకుముందు ఆపినదేదో పసుపు రంగులో కనిపిస్తుంది. లినక్స్‌లో ఎల్ఎమ్-సెన్సర్స్, టర్బోస్టాట్, ఎస్-టీయూఐ ఈ పని చేస్తాయి. మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్ తెరిచినప్పుడు కెర్నల్-టాస్క్ అనే పేరు ప్రాసెసర్‌ను విపరీతంగా వాడుతున్నట్టు కనిపిస్తే దాన్ని దొంగగా అనుమానించకండి. వేడి తగ్గించడం కోసం ఇతర ప్రోగ్రాములకు ప్రాసెసర్ అందకుండా అది ఆ సమయాన్ని ఆక్రమించుకుంటుంది, అంటే వేడి అప్పటికే ఎక్కువైందని అర్థం.

పరీక్ష ఇలా చేయండి. గట్టి బల్లమీద ల్యాప్‌టాప్ పెట్టి, దానితో వచ్చిన అసలు ఛార్జరు తగిలించి, ప్రోగ్రాములన్నీ మూసి, పది నిమిషాలు ఊరికే వదిలేయండి. అప్పటి నాలుగు అంకెలూ, గది ఉష్ణోగ్రతా కాగితం మీద రాసుకోండి. గది ఒక డిగ్రీ వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు ఒక డిగ్రీ వేడెక్కుతుంది కాబట్టి, గది సంగతి రాసుకోకపోతే రెండు రోజుల కొలతలను పోల్చడానికి వీలుండదు. తరువాత సినీబెంచ్ వంటి భారం వేసే ప్రోగ్రాంను పావుగంటసేపు ఆగకుండా నడిపి, పదో సెకనులో, ఒకటో నిమిషంలో, ఐదో నిమిషంలో, పదిహేనో నిమిషంలో కొలతలు రాసుకోండి. ఆ నడుమ గాలి బయటకు వచ్చే జాలీ దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి. ఈ చేతి పరీక్షను చాలామంది చిన్నచూపు చూస్తారు. నా అనుభవంలో ఏ సెన్సరూ చెప్పని నిజాన్ని అది చెబుతుంది.

ఆ కాగితాన్ని చదవడం

ఒకే నెలలో నా దగ్గరకు వచ్చిన రెండు యంత్రాల కాగితాలను ఇక్కడ పక్కపక్కన పెడతాను, ఎందుకంటే బయటికి రెండింటి ఫిర్యాదూ ఒకటే.

మొదటిదానిలో భారం వేసిన మూడో సెకనుకే ప్రాసెసర్ 50 డిగ్రీల నుంచి 98కి ఎగిరింది. ఫ్యాను అరుస్తోంది, గాలి ధారాళంగా వస్తోంది, కానీ ఆ గాలి గోరువెచ్చగా మాత్రమే ఉంది. నిమిషం తిరిగేసరికి వాట్లు 35 నుంచి 17కి పడిపోయాయి. పరీక్ష ఆపగానే ఉష్ణోగ్రత ఒక్క సెకనులో 60కి దిగింది. ఇక్కడ వేడి చిప్పులోనే చిక్కుకుపోయింది, దాన్ని లాగి బయటకు పంపే లోహపు అమరికకు, అంటే హీట్‌సింక్‌కు, చేరడం లేదు. అంటే చిప్పుకూ, దానిమీద కూర్చున్న రాగి పలకకూ మధ్య పొత్తు చెడింది: పేస్టు ఎండిపోయి ఉండాలి, లేదా పక్కలకు జారిపోయి ఉండాలి, లేదా హీట్‌సింక్ స్క్రూ ఒకటి వదులై ఉండాలి.

రెండోదానిలో ఉష్ణోగ్రత నెమ్మదిగా మెట్లెక్కింది: పదో సెకనులో 74, నిమిషానికి 83, ఐదో నిమిషంలో 95. జాలీ దగ్గర గాలి చాలా బలహీనంగా ఉంది, కానీ ఆ వచ్చే కాస్త గాలీ చురుక్కుమంటోంది. కీబోర్డు మొత్తం కాలుతోంది. పరీక్ష ఆపిన తరువాత కూడా చల్లబడటానికి చాలా నిమిషాలు పట్టింది. ఇక్కడ వేడి చిప్పు నుంచి హీట్‌సింక్‌కు బాగానే చేరుతోంది, అక్కడి నుంచి బయటకు పోయే దారి లేదు. దుమ్ము పట్టిందన్నమాట, లేదా ఫ్యాను నీరసించింది.

కొత్త తరం ప్రాసెసర్లు భారం పడగానే టర్బో వేగంతో ఎక్కువ వాట్లు లాగుతాయి కనుక, మంచి స్థితిలో ఉన్నవి కూడా మొదటి క్షణాల్లో 90 దాటవచ్చు. కాబట్టి మొదటి ఎగురుడును ఒక్కదాన్నే నమ్మకండి. దానితోపాటు జాలీ గాలి వేడిని, పరీక్ష ఆగిన తరువాత చల్లబడే తీరును కలిపి చూడండి.

ఉష్ణోగ్రత 80లలోనే ఆగి, వాట్లు ఒకే అంకె దగ్గర, 15 లేదా 28 లేదా 45 దగ్గర, గీత గీసినట్టు నిలబడితే అది విద్యుత్తు పరిమితి. యంత్రం ఆరోగ్యంగానే ఉంది. విండోస్ పవర్ మోడ్‌నూ, తయారీదారు ఇచ్చిన ప్రోగ్రాంలో నిశ్శబ్దం, సమతూకం, పనితీరు వంటి ఎంపికలనూ మార్చి చూడండి. చాలా యంత్రాల్లో ఈ ఎంపికే పరిమితిని నిర్ణయిస్తుంది.

ఇక ఉష్ణోగ్రత 50 దగ్గర ఉండి, వేగం 0.4 లేదా 0.8 గిగాహెర్ట్జ్ దగ్గర కదలకుండా ఉంటే, దయచేసి స్క్రూడ్రైవర్ ముట్టుకోకండి.

చల్లగా ఉండి నెమ్మదించిన యంత్రం

నా సొంత ల్యాప్‌టాప్‌కు జరిగింది ఇదే. టాస్క్ మేనేజర్‌లో వేగం 0.39 గిగాహెర్ట్జ్ దగ్గర అతుక్కుపోయింది. అక్షరం కొట్టిన తరువాత అది తెరమీదకు రావడానికి క్షణం పట్టేది. వేడి వల్లే అనుకుని మూత విప్పి, పేస్టు మార్చాను. మార్పు లేదు. పేస్టు సరిగ్గా వేయలేదేమోనని మళ్లీ విప్పి మళ్లీ వేశాను. మూడో రోజు మరో గదిలోకి తీసుకెళ్లడానికి ఛార్జరు పీకాను, తెరమీద వేగం 0.39 నుంచి 2.8కి లేచింది. ఛార్జరు తగిలించాను, మళ్లీ 0.39. పిన్ను లోపలికి వెలుతురు వేసి చూస్తే, నడుమ ఉండే సన్నని సూదిలాంటి తీగ ఒక పక్కకు వంగి ఉంది. ఛార్జరు ఎన్ని వాట్లదో యంత్రానికి చెప్పే తీగ అదే. అది అందకపోవడంతో యంత్రం ఆ ఛార్జరును గుర్తించక, దానిమీద భారం పడకుండా ప్రాసెసర్‌ను అట్టడుగు వేగానికి కట్టేసింది.

ప్రాసెసర్‌కు ప్రాక్‌హాట్ అనే సంకేత తీగ ఒకటి ఉంటుంది. ప్రాసెసర్ వేడెక్కినప్పుడు ఆ సంకేతం బయటకు వెళ్తుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో బయటి భాగాలు కూడా అదే తీగ మీద ప్రాసెసర్‌ను నెమ్మదించమని ఆదేశించగలవు. గుర్తింపు లేని ఛార్జరు, కావలసిన దానికంటే తక్కువ వాట్ల యూఎస్‌బీ-సీ ఛార్జరు, దెబ్బతిన్న బ్యాటరీ, చెడిపోయిన సెన్సర్, మదర్‌బోర్డు మీద వేడెక్కిన విద్యుత్ సరఫరా భాగం, వీటిలో ఏదైనా ఆ పని చేయించవచ్చు. కనుక ముందు ఛార్జరు పీకి చూడండి, మరో అసలు ఛార్జరుతో చూడండి, ఛార్జరు మీద అచ్చువేసిన వాట్లు యంత్రం కోరే వాట్లకు సరిపోతున్నాయో లేదో చూడండి. తరువాత యంత్రాన్ని పూర్తిగా ఆపి, ఛార్జరు తీసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకుని వదిలి మళ్లీ ప్రారంభించండి. లోపల ఫ్యాను, ఛార్జింగ్ వ్యవహారాలు చూసే చిన్న నియంత్రణ చిప్పు చాలా మోడళ్లలో దీనితో తిరిగి మొదటి స్థితికి వస్తుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-ప్రాసెసర్-పవర్ పేరుతో 37వ నంబరు హెచ్చరిక ఉంటే, వేగాన్ని ఆపుతున్నది యంత్రంలోనే నిలిచి ఉండే మూల ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్, అని విండోసే చెబుతున్నట్టు.

థ్రాటిల్‌స్టాప్‌లో ఈ ప్రాక్‌హాట్ సంకేతాన్ని పట్టించుకోవద్దని చెప్పే గడి ఒకటి ఉంది. కారణం తేల్చుకోవడానికి ఒక్క నిమిషం దాన్ని వాడుకోవచ్చు. శాశ్వతంగా అలా వదిలేయడాన్ని నేను ఒప్పుకోను, ఎందుకంటే ఆ సంకేతం నిజంగానే కాలిపోతున్న భాగం నుంచి వస్తూ ఉండవచ్చు.

బయాస్ (యంత్రం మొదలయ్యేటప్పుడు నడిచే ఫర్మ్‌వేర్) అప్‌డేటు కూడా ఈ దశలోనే చూడాలి. ఫర్మ్‌వేర్ పొరపాటు వేగాన్ని తగ్గించగలదనడానికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఉంది: 2018 జులైలో అప్పటి కొత్త మ్యాక్‌బుక్ ప్రోలు భారం పడినప్పుడు మరీ నెమ్మదించడానికి ఫర్మ్‌వేర్‌లో ఒక డిజిటల్ కీ లేకపోవడమే కారణమని ఆపిల్ ప్రకటించి, అప్‌డేటుతో సరిచేసింది. ఎవరూ ఏ స్క్రూ విప్పనవసరం లేకపోయింది.

విప్పకుండా చేయగలిగినవి

నిజంగానే వేడి సమస్యే అని తేలితే, ముందు భారం ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. ఏమీ చేయకుండా వదిలేసినా ఫ్యాను అరుస్తుంటే, టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం ప్రకారం జాబితాను అమర్చి పై మూడు పేర్లు చదవండి. యాంటీవైరస్ తనిఖీ, ఫైళ్ల సూచిక తయారీ, అప్‌డేట్లు అయితే అవి పని పూర్తిచేసుకుని వెళ్లిపోతాయి. గంటల తరబడి అలాగే ఉండే బ్రౌజరు ట్యాబు, పేరు తెలియని ప్రోగ్రాం అయితే అవే మీ వేడికి మూలం. వీడియో చూస్తేనే వేడెక్కుతుంటే బ్రౌజరులో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆగిపోయి ఉందేమో చూడండి. అది లేనప్పుడు వీడియో విప్పే పనంతా ప్రాసెసర్ మీదే పడుతుంది.

తరువాత గాలి. ఎక్కువ ల్యాప్‌టాప్‌లు అడుగు నుంచి గాలి పీల్చి వెనక నుంచో, పక్క నుంచో వదులుతాయి. పరుపు మీద, దిండు మీద పెట్టడమంటే ముక్కు మూసినట్టే. వెనక అంచు కింద రెండు సెంటీమీటర్ల ఎత్తున ఏదైనా పెట్టి, అదే పరీక్ష మళ్లీ చేయండి. తేడా గణనీయంగా ఉంటే మీ యంత్రం గాలి చాలక బాధపడుతోందని తేలిపోతుంది. ఫ్యాన్లున్న కూలింగ్ ప్యాడ్ కొనేముందు ఈ ఉచిత పరీక్ష చేయమని నా సలహా. అడుగున జాలీ లేని మోడళ్లకు ఆ ప్యాడ్ వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ఒక్క హెచ్చరిక. ల్యాప్‌టాప్ బల్లమీద సమంగా కూర్చోక ఊగుతున్నా, టచ్‌ప్యాడ్ పైకి ఉబికినా, అడుగు మూత అతుకు విడుతున్నా, బ్యాటరీ ఉబ్బిందన్నమాట. వెంటనే ఆపి, ఛార్జరు తీసేయండి. దాన్ని నొక్కి సర్దడానికి ప్రయత్నించకండి. ఈ స్థితిలో ఏ పరీక్షా చేయకూడదు. బ్యాటరీ మార్పించిన తరువాతే మిగతా సంగతి.

దుమ్ము తీయడం

వారంటీ ఉంటే విప్పడానికి ముందు దాని షరతులు చదవండి. విప్పక తప్పదనుకుంటే, మీ మోడల్ పేరుతో తయారీదారు ఇచ్చే సర్వీస్ మాన్యువల్ దించుకుని ఒకసారి పూర్తిగా చదవండి. కొన్ని స్క్రూలు రబ్బరు కాళ్ల కింద దాక్కుని ఉంటాయి, అవి తెలియక మూతను లాగితే క్లిప్పులు విరుగుతాయి. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. ఒక అట్టమీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ స్థానంలో తీసిన స్క్రూను ఆ స్థానంలోనే గుచ్చి పెట్టండి. పొట్టి స్క్రూ ఉండవలసిన చోట పొడుగుది బిగిస్తే అది మదర్‌బోర్డులోకి దిగుతుంది. మూత తీయగానే చేయవలసిన మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం.

దుమ్ము ఎక్కడుంటుందో తెలిసి వెతకాలి. ఫ్యాను రెక్కల మీద కనిపించే బూడిద రంగు పొర అసలు దోషి కాదు. ఫ్యాను నుంచి గాలి బయటకు వెళ్లే చోట, సన్నని లోహపు రేకులు దువ్వెన పళ్లలా వరుసగా ఉంటాయి. ఆ రేకులకూ ఫ్యానుకూ మధ్య, బయటి నుంచి ఎంత చూసినా కనిపించని చోట, దుమ్మూ వెంట్రుకలూ కలిసి గట్టిపడిన చాపలా తయారవుతాయి. నేను పైన చెప్పిన రెండో యంత్రంలో ఫ్యాను విప్పి పక్కకు తీసేసరికి, అది కంబళి ముక్కలా ఒకే పీలికగా ఊడి వచ్చింది. బయటి జాలీలోంచి గాలి కొట్టినప్పుడు ఈ చాప వెనక్కి, ఫ్యానులోకి జరుగుతుందే తప్ప బయటకు రాదు, కొన్నాళ్లకు మళ్లీ తన చోటికి చేరుకుంటుంది. అందుకే ఫ్యానును తీసి శుభ్రం చేయడమే సరైన పని. ఫ్యాను తీగను లాగకుండా కనెక్టర్ అంచును పట్టుకుని వదులు చేయండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో కదలకుండా పట్టుకోండి, లేకపోతే అది మితిమీరిన వేగంతో తిరిగి బేరింగు పాడవుతుంది. మెత్తని కుంచెతో రేకులను నిలువుగా తుడవండి, అడ్డంగా తుడిస్తే వంగిపోతాయి.

ఫ్యానుకూ రేకులకూ మధ్య నల్లని పలుచని టేపు అంటించి ఉంటుంది. చెత్త అనుకుని దాన్ని పారేసేవారు ఉన్నారు. ఆ సందు మూసి ఉంటేనే గాలంతా రేకుల గుండా వెళ్తుంది; టేపు పోతే వేడిగాలి లోపలికే తిరిగి వచ్చి, ఫ్యాను అదే గాలిని మళ్లీ పీలుస్తుంది. చిరిగితే వేడికి ఊడిపోని టేపుతో మళ్లీ అంటించండి.

పేస్టు మార్చడం

మొదటి కాగితం లాంటి అంకెలు వచ్చినవారికే ఈ పని అవసరం. విప్పడానికి ముందు యంత్రాన్ని ఐదు నిమిషాలు నడిపి వెచ్చబరిస్తే ఎండిన పేస్టు మెత్తబడుతుంది. హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు అచ్చువేసి ఉంటాయి. తీసేటప్పుడు పెద్ద అంకె నుంచి చిన్నదానికి, ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా వదులు చేస్తూ రావాలి. బిగించేటప్పుడు ఒకటి నుంచి మొదలుపెట్టి రెండు మూడు దఫాలుగా బిగించాలి. ల్యాప్‌టాప్ చిప్పుల మీద డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు ఉన్నట్టు లోహపు కవచం ఉండదు, అద్దంలా మెరిసే సిలికాన్ ముక్క నేరుగా బయటే ఉంటుంది. ఒక మూల నుంచి హీట్‌సింక్‌ను గట్టిగా పైకి లేపితే దాని అంచు పెళుసుగా రాలిపోతుంది, అక్కడితో మదర్‌బోర్డు కథ ముగుస్తుంది. అతుక్కుని ఉంటే లాగకుండా, మెల్లగా ఇటూ అటూ తిప్పి వదిలించండి.

పాత పేస్టును నూగు రాలని గుడ్డతో, 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. కొత్తది చిప్పు ఉపరితలం మొత్తాన్ని కప్పేలా పలుచగా పరచండి. కవచం ఉన్న డెస్క్‌టాప్ ప్రాసెసర్ల మీద నడుమ ఒక చుక్క పెట్టే పద్ధతి ఇక్కడ సరిపోదు, మూలలు పొడిగా మిగిలిపోతే అక్కడే వేడి పోగవుతుంది. పలుచగా, నీళ్లలా ఉండే పేస్టు ల్యాప్‌టాప్‌లలో ఎక్కువకాలం నిలవదు. చిప్పు వేడెక్కి చల్లబడే ప్రతిసారీ కొద్దికొద్దిగా పక్కలకు నెట్టుకుపోతుంది. చిక్కనిది ఎంచుకోండి. హనీవెల్ పీటీఎమ్7950 వంటి దశ మార్చుకునే పలకలు దొరికితే ఇంకా మేలు: గది వేడిమిలో గట్టిగా ఉండి, దాదాపు 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సందులన్నీ నింపుతాయి, త్వరగా జారిపోవు. లిక్విడ్ మెటల్ జోలికి మాత్రం వెళ్లకండి. దానిలోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, ఒక్క చుక్క మదర్‌బోర్డు మీద పడినా విద్యుత్తు అడ్డదారిలో ప్రవహిస్తుంది.

పక్కనున్న మెమరీ చిప్పుల మీద, విద్యుత్ సరఫరా భాగాల మీద మెత్తని థర్మల్ ప్యాడ్లు ఉంటాయి. చిరగకపోతే వాటిని అలాగే ఉంచండి. మార్చవలసి వస్తే మందం ముందున్నంతే ఉండాలి. అర మిల్లీమీటరు ఎక్కువైనా హీట్‌సింక్ లేచి నిలబడి, ప్రాసెసర్‌కు అందదు. పేస్టు మార్చిన తరువాత వేడి ఇంకా పెరిగిందని వచ్చేవారిలో చాలామంది విషయంలో నేను ముందు వెతికేది ఇదే.

మూత బిగించాక అదే గదిలో అదే పరీక్ష మళ్లీ చేసి, పాత కాగితం పక్కన కొత్త అంకెలు రాయండి.

వేగాన్ని కాస్త వదులుకోవడం

శుభ్రం చేసినా, పేస్టు మార్చినా తృప్తి కలగకపోతే, ముందు చెప్పిన లెక్కను వాడుకునే సమయం ఇది. విండోస్ పవర్ ప్లాన్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99 శాతానికి మారిస్తే, చాలా ఇంటెల్ యంత్రాల్లో టర్బో పూర్తిగా ఆగిపోతుంది. వేడి ఒక్కసారిగా తగ్గుతుంది గానీ, పైన చెప్పిన 8550యూ లాంటి ప్రాసెసర్ 1.8 దగ్గరే ఆగిపోతుంది, అది మరీ ఎక్కువ త్యాగం. దానికంటే థ్రాటిల్‌స్టాప్‌తో దీర్ఘకాల విద్యుత్తు పరిమితిని నాలుగైదు వాట్లు తగ్గించడం, రైజెన్ అయితే రైజెన్‌అడ్జ్‌తో అదే పని చేయడం మేలు. పైకీ కిందికీ ఊగే వేగం కంటే, కాస్త తక్కువైనా నిలకడగా ఉండే వేగంతోనే పని హాయిగా సాగుతుంది.

వేగం తగ్గకుండా వోల్టేజీ మాత్రమే తగ్గించే అండర్‌వోల్టింగ్ అన్నిటికంటే మంచి దారి. అయితే 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక, ఇంటెల్ ఇచ్చిన సవరణలతో చాలా ల్యాప్‌టాప్‌లలో ఈ దారి మూసేశారు. మీ యంత్రంలో తెరిచే ఉంటే, 50 మిల్లీవోల్టులతో మొదలుపెట్టి, గంటసేపు భారం వేసి నిలకడ చూసి, తరువాత పదేసి చొప్పున తగ్గించండి. యంత్రం బిగుసుకుపోతే ఒక మెట్టు వెనక్కి రండి.

గేములు ఆడేవారు ఇంకొకటి గమనించాలి. చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌కూ, గ్రాఫిక్స్ చిప్పుకూ హీట్‌పైపులు, అంటే వేడిని రేకుల దగ్గరకు మోసుకెళ్లే రాగి గొట్టాలు, ఉమ్మడిగా ఉంటాయి. గ్రాఫిక్స్ పుట్టించిన వేడికి ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. ఫ్రేముల సంఖ్యను తెర చూపగలిగిన దానికి, మామూలు తెరకు 60కి, పరిమితం చేస్తే రెండూ చల్లబడతాయి. ఎప్పుడూ ఛార్జరు తగిలించి ఉంచేవారు ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే ఎంపిక పెట్టుకోవాలి. నిండా ఛార్జయి ఉన్న లిథియం-అయాన్ బ్యాటరీ వేడిలో త్వరగా ముసలిదవుతుంది.

ఇవన్నీ చేశాక కూడా అంకెలు మొదటి కాగితంలాగే ఉంటే, మిగిలినది హీట్‌పైపు. రాగి గొట్టంలో కొద్దిపాటి ద్రవం ఉంటుంది; అది ప్రాసెసర్ దగ్గర ఆవిరై, రేకుల దగ్గర చల్లబడి, గొట్టం లోపలి గరుకు పొర గుండా వెనక్కి వస్తుంది. గొట్టం ఎక్కడైనా సన్నగా పగిలితే ఆ ద్రవం పోయి, అది వట్టి రాగి గొట్టంగా మిగులుతుంది. మూత తీసి ఉండగా యంత్రాన్ని ఒక్క నిమిషం నడిపి, చుట్టూ లోహపు వస్తువులేవీ లేకుండా చూసుకుని, గొట్టాన్ని రేకుల వైపు కొసన వేలితో ఒక్క క్షణం తాకి చూడండి. ప్రాసెసర్ 95 దగ్గర ఉండగా ఆ కొస చల్లగా ఉంటే గొట్టం చచ్చిపోయినట్టే. దానికి మరమ్మతు లేదు. అదే మోడల్‌కు సరిపోయే హీట్‌సింక్ మొత్తాన్ని మార్చాలి.